బస్సు కిటికీలోంచి చూసే ఊరు: మంగళగిరిలో ఒక వీకెండ్

శుక్రవారం రాత్రి

మంగళగిరిని నేను కొన్ని వందల సార్లు చూసుంటాను, ఒక్కసారి కూడా దిగలేదు. గుంటూరులో చదువుకునే రోజుల్లో విజయవాడ పోయేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి బస్సు కిటికీలోంచి కొండ కనపడేది, కొండ కింద సన్నగా పొడుగ్గా గాలిగోపురం కనపడేది, ఆ మంగళగిరి వచ్చేసింది ఇంకాసేపట్లో దిగిపోతాం అనుకోవడమే తప్ప ఆ గోపురం కింద ఏముందో చూద్దామన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు. విజయవాడకి ఓ 12 కిలోమీటర్లు, గుంటూరుకి ఓ 20 కిలోమీటర్లు, రెండు పెద్దూళ్ళ మధ్య ఇరుక్కుపోయిన ఊరు. 2021లో తాడేపల్లితో కలిపి కార్పొరేషన్ చేశారు, ఎయిమ్స్ వచ్చింది, హైవే పక్కన అపార్ట్‌మెంట్లు లేచాయి, అయినా జనం దృష్టిలో ఇప్పటికీ అది దారిలో తగిలే స్టాపే.

మా బాబాయ్ ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. సర్వీసులో సగానికి పైగా గుంటూరు విజయవాడ రూటే. రిటైర్ అయ్యాక వచ్చిన డబ్బులతో ఎక్కడ ఇల్లు కొనాలా అని పిన్నీ ఆయనా ఆరు నెలలు కొట్టుకుని చివరికి మంగళగిరిలో ఫ్లాట్ కొనుక్కున్నారు. "మంగళగిరి మంగళగిరి అని ఇన్నేళ్ళు అరిచాను కదరా, ఎవరెవర్నో దింపాను, ఇంక నేనే దిగిపోయా" అంటాడు. గృహప్రవేశానికి నేను రాలేకపోయాను, ఆ కోపం పిన్నికి ఇంకా ఉంది, సరే మాఘమాసం, ఎండలు ఇంకా ముదరలేదు, అమ్మని తీసుకుని శని ఆదివారాలు వెళ్ళొద్దాం అనుకున్నాం.

అమ్మకి రెండే కోరికలు, కొండ మీది నరసింహస్వామికి, అదే పానకాలస్వామికి, పానకం పోయించాలి, మగ్గం దగ్గరే నిలబడి చీర కొనుక్కోవాలి. నాకేమో ఉండవల్లి గుహలు చూడాలని ఎప్పట్నుంచో ఉంది. ఫోన్‌లో బ్రహ్మాండంగా ప్లాన్ రాసుకున్నా: శనివారం పొద్దున ఉండవల్లి, సాయంత్రం చల్లబడ్డాక కొండ, ఆదివారం చీరలు. అది బాబాయ్‌కి వాట్సాప్‌లో పంపిస్తే ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది, మొదటి పది సెకన్లు నవ్వే. "సాయంత్రం కొండెక్కుతావా? స్వామికి మధ్యాహ్నం మూడింటి దాకానే మనుషుల డ్యూటీ రా, ఆ తర్వాత దేవతలు వస్తారంట పూజకి. నువ్వెళ్ళేసరికి తలుపులు మూసేసి ఉంటాయి. ప్లాన్ తిరగేసెయ్."

తిరగేశా. ఎవరైనా మంగళగిరి వెళ్ళాలనుకుంటే ముందు గుర్తు పెట్టుకోవాల్సింది ఇదొక్కటే, పై గుడి పొద్దుటి పని, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి. సాయంత్రం వెళ్ళి మూసేసిన తలుపులకి దండం పెట్టి వచ్చిన వాళ్ళు నాకు తెలిసి ముగ్గురున్నారు.

శనివారం

విజయవాడలో రైలు దిగేసరికి ఇంకా చీకటే. బస్టాండుకి ఆటో, అక్కణ్ణుంచి మంగళగిరి మీదుగా పోయే బస్సు ఏదో ఒకటి నిమిషాల్లో దొరుకుతుంది, ఈ విషయంలో మాత్రం రెండు ఊళ్ళ మధ్య ఉండటం అదృష్టమే. కనకదుర్గ వారధి దాటుతుంటే కృష్ణ మీద పొగమంచు, అమ్మ కిటికీలోంచి రూపాయి బిళ్ళ విసరబోయింది, అద్దం మూసుంది, బిళ్ళ టంగుమని సీటు కిందకి పోయింది. "కృష్ణమ్మకి అక్కర్లేదంట" అన్నా. తొడ మీద గిల్లింది.

పిన్ని ఇంట్లో కాఫీలు, స్నానాలు అయ్యేసరికి ఏడున్నర. టిఫిన్ తినేసి వెళ్ళమంది పిన్ని, దర్శనం అయ్యేదాకా తినను అంది అమ్మ, అక్కాచెల్లెళ్ళిద్దరూ అక్కడే కాసేపు వాదించుకున్నారు. నేను మధ్యలో రెండు ఇడ్లీలు లాగించేశా.

కొండెక్కడానికి రెండు దారులు. ఘాట్ రోడ్డు మీద ఆటోలు, కార్లు పోతాయి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి అదే దిక్కు, అమ్మా పిన్నీ ఆటోలో వెళ్ళిపోయారు. నేనూ బాబాయ్ మెట్లెక్కాం. ఈ మెట్లు 1890లో చన్నాప్రగడ బలరామదాసు గారు కట్టించారు, అంతకుముందు రాళ్ళు పట్టుకుని ఎక్కేవాళ్ళేమో. తిరుమల మెట్లలాగా భయపెట్టేవి కాదు కానీ నాలాగా పగలంతా కుర్చీలో కూర్చునేవాడికి సగంలోనే ఆయాసం వచ్చేసింది, బాబాయ్ మాత్రం ఎక్కుతూనే మాట్లాడతాడు, బస్సులో నిలబడీ నిలబడీ ఆయన కాళ్ళు స్తంభాలయిపోయాయి. దారిలో ఆగడానికి నాకు రెండు మంచి సాకులు దొరికాయి. మెట్లకి కుడిపక్కన శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి శాసనం ఉంది. రాయలు 1515లో కొండవీడు గెలిచాడు కదా, ఈ సీమంతా అప్పుడే విజయనగరం కిందకి వచ్చింది. అక్కణ్ణుంచి ఇంకొంచెం పైకి వెళ్తే చైతన్య మహాప్రభువు పాదాలు అని చెప్పే చోటు, ఆయన దక్షిణ దేశ యాత్రలో ఇక్కడికి వచ్చారని అంటారు. శాసనం దగ్గర నేను చదువుతున్నట్టు మొహం పెట్టి ఊపిరి పీల్చుకున్నా. బాబాయ్ కనిపెట్టేశాడు, "అక్షరాలు అర్థమవుతున్నాయా లేకపోతే మంచినీళ్ళు కావాలా" అన్నాడు.

పైన గుడి కొండని తొలిచి చేసిన చిన్న గుహలాంటిది. లోపల విగ్రహం ఉండదు, నేను ఇన్నాళ్ళూ ఉంటుందనుకున్నా. స్వామి అంటే అక్కడ ఒక నోరు, అంతే. లోహపు ముఖం తొడిగి ఉంటుంది, నోరు తెరుచుకుని ఉంటుంది, జానెడు కూడా ఉండదు ఆ వెడల్పు. పూజారి గారు శంఖంతో పానకం ముంచి ఆ నోట్లో పోస్తారు. పోస్తుంటే గుటక వేసినట్టు గుడగుడమని శబ్దం వస్తుంది, బయట లైన్‌లో ఉన్న వాళ్ళక్కూడా వినపడుతుంది, పోసే కొద్దీ పెరుగుతుంది, ఒక దగ్గర ఠక్కున ఆగిపోతుంది. ఆగిందంటే చాలన్నట్టు. మిగిలింది మనకి ప్రసాదం. చిన్న బిందె తెచ్చినా పెద్ద బిందె తెచ్చినా సగమే తాగి సగం వెనక్కిస్తాడని నమ్మకం. నేను వెనక నిలబడి మూడు బిందెలు చూశా, సగమా కాదా అని కొలిచే ధైర్యం నాకు లేదు, అమ్మ పక్కనే ఉంది.

కథ ఏంటంటే నముచి అనే రాక్షసుణ్ణి చంపాక నరసింహస్వామికి కోపం చల్లారలేదంట, అప్పుడు దేవతలు అమృతం ఇస్తే సగం తాగి శాంతించాడంట. కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు, కలియుగానికి వచ్చేసరికి బెల్లం నీళ్ళు. "యుగం యుగానికీ బడ్జెట్ తగ్గుతోంది" అన్నాడు బాబాయ్, పిన్ని కళ్ళతోనే నోరు మూయించింది. ఇంకో మాట కూడా చెప్తారు, ఈ కొండ ఒకప్పటి అగ్నిపర్వతం అనీ, లోపలి గంధకం చల్లారడానికి పెద్దలు బెల్లం పానకం పోసే ఆచారం పెట్టారనీ. చెప్పేవాళ్ళు చాలా గట్టిగానే చెప్తారు, నాకైతే స్వామికి దాహం అన్న మాటే బాగుంది. ఇంకా విచిత్రం, రోజూ అంత బెల్లం నీళ్ళు ఒలుకుతాయి కదా, చీమలు రావంటారు. నేను గడప దగ్గర వంగి మరీ వెతికా, నాకు కనపడలేదు. వెనక లైన్‌లో పెద్దాయన "బాబూ ఏదన్నా పారేసుకున్నావా" అని ఆయన కూడా వంగి వెతకడం మొదలుపెట్టాడు.

పానకం రుచి గురించి చెప్పాలి. బెల్లం, మిరియం, యాలకులు, అంతే కదా, ఇంట్లో శ్రీరామనవమికి తాగేదే. కానీ మెట్లెక్కి వచ్చి చెమటలు కారుతున్నప్పుడు ఆ గుహ చల్లదనంలో తాగితే వేరే. రెండు గ్లాసులు తాగా. మిగిలింది అమ్మ లీటర్ సీసాలో నింపుకుంది, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ మొత్తానికి పంచాలని.

గుడి వెనక లక్ష్మీదేవి గుడి ఉంది, దాని పక్కనే ఒక సొరంగం నోరు. అది ఉండవల్లి దాకా పోతుందనీ, పూర్వం మునులు అందులోంచి వెళ్ళి కృష్ణలో స్నానం చేసి వచ్చేవాళ్ళనీ చెప్తారు. మా రేపటి ప్రయాణానికి ఆటో ఖర్చు మిగిలేది.

దిగేటప్పుడు అమ్మ కూడా మెట్ల మీదే దిగుతానంది, దిగడమే కదా అని. అదే తప్పయింది. ఒక మలుపులో కూర్చుని కాళ్ళు పట్టుకుంటుంటే ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక కోతి, పక్కన పెట్టిన సీసా ఎత్తుకుపోయింది. పోయి ఎక్కడికో కాదు, ఎదురుగా బండ మీద కూర్చుని మూత పళ్ళతో కొరికి తీసి, మా మొహాలు చూస్తూ గటగటా తాగింది. సగం తాగి సీసా వదిలేసింది! నేనైతే పడీ పడీ నవ్వా. అమ్మకి మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పంచడానికి ప్రసాదం పోయిందని. బాబాయ్ "వదినగారూ, ఈయన కూడా సగమే తాగాడు చూడండి, హనుమంతుడే వచ్చాడనుకోండి" అనేసరికి కాస్త తేరుకుంది. కొండ మీదకి తినేవీ తాగేవీ చేతిలో పట్టుకుని తిరక్కండి, జిప్పు ఉన్న బ్యాగులో పెట్టుకోండి, సీసా మూత తియ్యడం వాటికి వచ్చు.

మధ్యాహ్నం పిన్ని గోంగూర పప్పు, వడియాలు, గడ్డ పెరుగు. రెండు గంటలు నిద్ర. దీని గురించి ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు కానీ ప్లాన్‌లో ఈ నిద్ర కూడా ఉండాలి, పొద్దున కొండెక్కిన వాళ్ళకి మధ్యాహ్నం ఇంకేదీ ఎక్కదు.

నాలుగింటికి మగ్గాలు. మెయిన్ రోడ్డు మీద చీరల షాపులు వరసగా ఉంటాయి, అద్దాలు, ఏసీలు, బొమ్మలకి కట్టిన చీరలు. అమ్మ వాటి వంక చూడనైనా చూడలేదు. పిన్నికి తెలిసిన ఒక నేత కుటుంబం ఉంది, సందులోకి వెళ్తుంటేనే టక్ టక్ టక్ టక్ అని శబ్దం మొదలయింది. ఇంతకుముందు ఏ సందులోకి వెళ్ళినా ఇదే చప్పుడంట, ఇప్పుడు వెతుక్కుంటూ పోవాలి.

ఇంటి ముందు గదిలోనే మగ్గం, గుంట మగ్గం. నేలలో గుంట తీసి ఉంటుంది, నేతాయన గుంట గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసి తొక్కుతుంటాడు, తొక్కినప్పుడల్లా పడుగు దారాలు, అంటే నిలువు దారాలు, పైకీ కిందకీ విడిపోతాయి, ఆ సందులోంచి దారపు కండె ఉన్న నాడె ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెడుతుంది, అది విడిచిన పేక దారాన్ని, అంటే అడ్డం దారాన్ని, దువ్వెనలాంటి అచ్చుతో దగ్గరికి కొడతాడు. టక్ అంటే ఒక దారం. చీరకి ఎన్ని టక్కులో లెక్కేద్దామనుకుని యాభై దగ్గర తప్పిపోయా. ఆయన భార్య పక్క గదిలో రాట్నం మీద కండెలు చుడుతోంది, ఆమె చుట్టకపోతే ఈయన నాడె ఖాళీ. కూలి మాత్రం చీరకింత అని ఒక్కటే లెక్క, ఇద్దరి పని అందులోనే. ఆమె ఈ మాట మామూలుగానే చెప్పింది, రాట్నం ఆపకుండా.

మంగళగిరి చీర చూడ్డానికి చాలా సాదా. ఒళ్ళంతా ఒకే రంగు, బుటాలు పువ్వులు ఏమీ ఉండవు, సొగసంతా జరీ అంచులోనే, నిజాం అంచు అంటారు దాన్ని. నేత దగ్గరగా, ఒత్తుగా ఉంటుంది, అందుకే నూలు చీర అయినా ఏళ్ళ తరబడి ఉంటుంది, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. అమ్మ దగ్గర తన పెళ్ళికి ముందు కొన్నది ఇంకా ఉంది, దాని మీద నేను పాకానంట, నా కొడుకు కూడా పాకాడు. జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకే అని చెప్పే ముద్ర, అది కూడా ఉంది ఈ నేతకి. కానీ పేరు పెరిగాక పవర్‌లూమ్ సరుకు కూడా మంగళగిరి అని అమ్మేస్తున్నారని ఆయన బాధ. తేడా ఎలా కనిపెట్టాలి అని అడిగా. అంచుని ఆనుకుని చిన్న చిన్న సూది గుచ్చుల్లాంటి రంధ్రాలు చూపించాడు, నేసేటప్పుడు గుడ్డ ముడుచుకుపోకుండా బిగించడానికి అడ్డంగా పెట్టే కర్ర వల్ల పడతాయి అవి. అదొక గుర్తు. "అయినా అంత చూసేవాళ్ళెవరండీ, రేటు చూస్తారు" అన్నాడు. అమ్మ ఇంకో గుర్తు చెప్పింది, చీర విప్పి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది, గంజి వాసన. పడుగు సాగదీసి గంజి పట్టిస్తారు కదా, ఆ వాసన. నాకేం తెలియలేదు, ఆమెకి తెలిసింది.

రెండు కొంటానని వచ్చి నాలుగు కొంది. మామూలుగా కూరగాయల బండి దగ్గర రూపాయికి కూడా గీసి గీసి బేరమాడే మనిషి ఇక్కడ నోరెత్తలేదు. బయటికొచ్చాక అడిగితే, "ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషిని చూశాక ఎలా అడుగుతాన్రా" అంది. షాపులో అయితే అడిగేదాన్ని అని కూడా అంది.

దీపాలు పెట్టే వేళకి కింద గుడికి వచ్చాం. ఇన్నేళ్ళు కిటికీలోంచి చూసిన గాలిగోపురం కింద మొదటిసారి నిలబడ్డా. 11 అంతస్తులు, 153 అడుగులు, కింద వెడల్పు 49 అడుగులే, అందుకే అంత సన్నగా కనపడుతుంది. అమరావతి ప్రభువు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807 నుంచి 1809 మధ్య కట్టించాడు, రెండేళ్ళలో! ఇప్పుడు మా వీధిలో కల్వర్టుకి పట్టిన టైము కూడా అంతే. తల పూర్తిగా వెనక్కి వంచితే తప్ప కలశాలు కనపడవు, బాబాయ్ మెడ పట్టేసిందని అప్పటికే పక్కకి వెళ్ళిపోయాడు. కట్టాక ఇది ఒక పక్కకి ఒరిగిందంట, అప్పుడు కంచి నుంచి వచ్చిన శిల్పులు చూసి దీనికి ఎదురుగా కోనేరు తవ్వమన్నారంట, తవ్వితే గోపురం మళ్ళీ నిలబడిందంట. నిజమో కాదో ఇంజినీర్లు చెప్పాలి కానీ నాకు ఈ కథ తెగ నచ్చింది, బరువుని బరువుతో కాకుండా గొయ్యితో సరిచెయ్యడం.

లోపల లక్ష్మీనరసింహస్వామి, రాజ్యలక్ష్మి అమ్మవారు. మూలవిరాట్టుని ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. స్వామికి ఒక దక్షిణావర్త శంఖం ఉంది, తంజావూరు సరభోజి మహారాజు ఇచ్చాడని చెప్తారు. బయటికి వచ్చి కొండ వైపు చూస్తే చీకట్లో శిఖరం మీద ఒక చుక్క వెలుగుతోంది. గండాలస్వామి. అక్కడ విగ్రహం లేదు, దీపమే దేవుడు, గండాలు గట్టెక్కాలని మొక్కుకున్న వాళ్ళు దీపం పెట్టిస్తారు. అంటే ఈ ఊళ్ళో ముగ్గురు నరసింహస్వాములు, కింద నిలువెత్తు విగ్రహం, మధ్యలో ఒక నోరు, పైన ఒక దీపం. పైకి పోయే కొద్దీ రూపం తగ్గిపోతోంది. ఈ మాట నేను పైకి అనలేదు, బాబాయ్ మళ్ళీ బడ్జెట్ అంటాడని.

ఆదివారం

పిన్ని పెసరట్లు పోస్తూనే ఉంది, మేం తింటూనే ఉన్నాం, బయల్దేరేసరికి తొమ్మిదిన్నర. ఉండవల్లికి ఆటో మాట్లాడుకున్నాం. ఒక ఆటో అబ్బాయి మా బ్యాగులు చూసి ఊరికి కొత్తనుకుని ఒక రేటు చెప్పాడు, వెనకనుంచి బాబాయ్ వచ్చి నిలబడగానే అదే రేటు సగమయింది. ఈ ఊళ్ళో అన్నీ సగం లెక్కే అనుకున్నా.

కొండ పక్కనుంచి పోతుంటే రోడ్డుకి అటూ ఇటూ అరటి తోటలు, పూల తోటలు, మధ్య మధ్యలో రాజధాని పేరుతో లేచిన బోర్డులు, మళ్ళీ అరటి తోటలు. గుహలు ఊరి చివర రోడ్డు పక్కనే, ఎక్కడో అడవిలో ఉంటాయనుకున్నవాణ్ణి తెల్లబోయా. పురావస్తు శాఖ టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే పచ్చిక, దాని వెనక కొండ, కొండ మొహం మొత్తాన్ని చెక్కేసి నాలుగంతస్తుల మేడ చేశారు. రాయి మీద రాయి పేర్చింది కాదు, పైనుంచి తొలుచుకుంటూ వచ్చింది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన విష్ణుకుండిన రాజుల కాలానిదని, అంటే 4, 5 శతాబ్దాల నుంచి మొదలని చెప్తారు, మొదట్లో బౌద్ధులో జైనులో ఉండేవాళ్ళని, తర్వాత వైష్ణవ గుడి అయిందని. చూస్తే నిజంగానే అలాగే ఉంటుంది, ఒక ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు కాపురం ఉండిపోయినట్టు. కింద అంతస్తు అసంపూర్తిగా ఉంది, కొన్ని స్తంభాలు సగం చెక్కి వదిలేశారు, ఉలి దెబ్బలు అలాగే ఉన్నాయి. ఎందుకు ఆపేశారో, జీతాలు ఇవ్వలేదో, యుద్ధం వచ్చిందో. నాకు పూర్తయిన శిల్పాల కన్నా ఈ సగం స్తంభాల దగ్గరే ఎక్కువసేపు ఉండాలనిపించింది, వేలితో ఉలి గాట్లు తడుముతూ.

పైకి వెళ్తే చీకటి హాల్లో అనంతపద్మనాభస్వామి. ఒక మనిషికి మూడు రెట్లు పొడుగుంటాడు, ఆదిశేషుడి మీద పడుకుని. అంతా ఒకే రాయి. బయట ఎండలోంచి రాగానే ముందు ఏమీ కనపడదు, నల్లగా. కళ్ళు అలవాటు పడుతుంటే ముందు పాదాలు, తర్వాత చెయ్యి, చివరికి మొహం. అక్కడున్నాయన ఒక దీపం అటూ ఇటూ తిప్పి చూపిస్తాడు, కానీ ఆ దీపం లేకుండా రెండు నిమిషాలు ఊరికే నిలబడి చూస్తే మంచిదని నా సలహా. మా వెనక వచ్చిన కాలేజీ పిల్లలు లోపలికి వచ్చీ రాగానే ఫోన్ ఫ్లాష్‌లు కొట్టి, ఫొటోలు తీసుకుని ఒక్క నిమిషంలో వెళ్ళిపోయారు, వాళ్ళకి పాదాలు కనపడి ఉండవు.

ఆ అంతస్తు ముందు వసారాలో పొలాల వైపు తిరిగి కూర్చున్న ఋషుల విగ్రహాలు, సింహాలు. నిజం మనుషులంత సైజు. అమ్మ వాళ్ళ పక్కనే గట్టు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది, ఎదురుగా పచ్చగా తోటలు, వాటి అవతల కృష్ణ ఉంటుంది. వెనకనుంచి చూస్తే ఎవరు ఋషో ఎవరు అమ్మో తెలియలేదు. ఆ ఫొటో మాత్రం తీశా.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, భోజనం చేసి, సామాన్లు సర్దుకుని సాయంత్రం సీతానగరం వైపు వచ్చాం, అక్కణ్ణుంచి ప్రకాశం బ్యారేజీ నడిచి దాటాలని బాబాయ్ పట్టుబట్టాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కృష్ణని గంట కొట్టే తొందరలోనే దాటాడంట, రిటైర్ అయ్యాక మొదట చేసిన పని బ్యారేజీ మీద నడవడం. దాటుతూ లెక్క చెప్తాడు, 70 గేట్లు, 1,223 మీటర్లు. 1855 నాటికి ఇక్కడ బ్రిటిష్ వాళ్ళు ఆనకట్ట కట్టారు, అది 1952 వరదలో తెగిపోతే దాని బదులు 1957లో ఈ బ్యారేజీ వచ్చింది, టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. తాడేపల్లి వైపు నుంచి బయల్దేరే కాలువే దుగ్గిరాల, తెనాలి వైపు పొలాలన్నిటికీ నీళ్ళు. 2024 సెప్టెంబర్ వరద గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారింది. 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, ఎగువ నుంచి పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయి, గేట్లు ఎత్తడానికి ఆసరాగా ఉండే బరువులు, కౌంటర్ వెయిట్లు, దెబ్బతిన్నాయి. రాత్రంతా నిద్రపోలేదంట, టీవీ ముందు కూర్చుని. "ఇన్నేళ్ళు దీని మీద తిరిగా కదరా, మనింటి గోడ లాగా అనిపించింది."

ఇప్పుడు మాత్రం నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పడమర వైపు, ఎగువన, సూర్యుడు సరిగ్గా నీళ్ళలోకే దిగుతాడు. ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ గుడి దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి. స్కూటర్లు, కార్లు, హారన్లు, శెనక్కాయల బండి, పిల్లలు. పిన్నీ అమ్మా వెనకబడిపోయి చీరలకి ఫాల్స్ ఎక్కడ కుట్టించాలో మాట్లాడుకుంటూ వస్తున్నారు, సూర్యుడు మునిగిపోయాడని వాళ్ళకి చెప్పినా తలెత్తలేదు. భవానీ ఐలాండ్ పడవ ఎక్కుదామని ఉండేది నాకు, అప్పటికి టైము అయిపోయింది, పోనీలే.

రైలు రాత్రి పదకొండింటికి. మళ్ళీ ఇంటికి పోయి పెరుగన్నం తిని, పిన్ని ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా బట్టల మధ్య కుక్కుకుని (దీని మూత టేపు వేసి మరీ), తొమ్మిదింటికి స్టాపులో నిలబడ్డాం. కొండ కనపడలేదు, చీకటి. గండాల దీపం మాత్రం కనపడింది. అమ్మ దానికి దండం పెట్టుకుంటుంటే గుంటూరు నుంచి బస్సు వచ్చింది. బాబాయ్ ముందు బ్యాగులు పైకి అందించాడు, అమ్మ మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు, లోపల సీటు దొరికిందా లేదా అని కిటికీ దగ్గరికొచ్చి చూశాడు. కండక్టర్ కుర్రాడు ఇంకా వెనక తలుపు దగ్గర ఎవరికో టికెట్ కొడుతున్నాడు. బాబాయ్ ఒక అడుగు వెనక్కి వేసి, అరచేత్తో బస్సు ఒంటి మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్ రైట్!" అని అరిచాడు. బస్సు కదిలింది.